రంజన్ కాడ

చిలకలగూడ గ్రౌండుల పొద్దుగాల ఆరు కొట్టంగనే
గేటు తాళం తీసుడు నా పని.
రంజన్ల నీళ్లు నింపుడు, ఇడిసిన చెప్పులు సూసుకునుడు,
పడ్డోళ్ల మోకాళ్లకు ఎర్రమందు రాసుడు.
సమ్మర్ క్యాంపు నెల దినాలు
నా కుర్చీ గీ యాపచెట్టు కింద్నే.

పదేండ్లు, పదకొండు, పన్నెండు నిండనోళ్లు వస్తరు.
అమ్మ చెయ్యి పట్టుకుంటె సిగ్గు,
ఇడిసిపెడ్తె బుగులు.
పాలపండ్లు ఊడినయి, మీసాలింక రాలె,
రెండు టేషన్ల నడుమ ఆగిన ఎమ్మెమ్‌టీఎస్ తీర్గ
ఎటు దిగాల్నో తెల్వకుంట నిలవడ్తరు.

మొదటి నాడు అందరిది ఒక్కటే ముచ్చట:
ఏ బడి, ఎన్నో ర్యాంకు, మీ డాడీది ఏ కారు.
గీడ దుమ్ము లేస్తది గద,
ఏడున్నర వరకు
అందరు ఒక్కటే రంగులకొస్తరు.

నైమిష అని ఒక పొల్ల.
పండ్లకు తీగెలు కట్టిచ్చిండ్రు.
నవ్వు రాంగనే చెయ్యి నోటికి అడ్డం బోతది,
బస్సు కిటికీలకెళ్లి సీటు మీద దస్తీ ఏసినంత జల్ది.
నీళ్లు గూడ అటు మల్లి తాగేది.
బడిల ఏదో పేరు పెట్టిండ్రంట.
నాకు జెప్పలె, నేనడగలె.

నాలుగో నాడు కబడ్డీల ఒకరు తక్కువైండ్రు.
కోచ్ సారు మొఖం గూడ సూడకుంట "ఓ, నువ్వు రా" అన్నడు.
కబడ్డీకి రెండు చేతులు గావాలె బిడ్డా,
ఒకటి ముంగటికి, ఒకటి ఎనుకకు.
నోటికి అడ్డం పెట్ట మూడో చెయ్యి దేవుడియ్యలె.
కబడ్డీ కబడ్డీ కబడ్డీ అనుకుంట పోయింది,
ఎండకు తీగెలు తళతళ.
ఎవ్వరు తీగెల దిక్కు సూడలె,
అందరి కండ్లు ఆమె కాళ్ల మీదనే.
దొర్కింది. పడ్డది. అవుటైంది.
మట్టిల కూసోని
గ్రౌండంత ఇనపడేటట్టు నవ్వింది.
యాపచెట్టు మీది కాకులు లేసినయి.

వెస్లీ గాడు ఇంకో తీరు.
అయ్య రైల్వే టీముల ఆడినోడు,
ఫారంల "ఫుట్‌బాల్" అని పెద్దగ రాసిచ్చి పోయిండు.
పోరడు బూట్లు ఏసుకోని నా కాడ కూసునేటోడు.
దినాం ఏదో ఒక నొప్పి: మడిమ, కడుపు, పన్ను.
కూసోని కూసోని, కుప్పవడ్డ చెప్పుల జతలు కలుపుడు పెట్టిండు.
"ఆయమ్మా, గీ చెప్పు జూడు, కుడి దిక్కే అరిగింది,
గీ అన్న ఒరిగి నడుస్తడు."
నవ్విన నేను.
గా పోరడు నడుస్తుంటె సూసిన, నిజమే.
ముప్పై ఎనిమిది జతలు, ముప్పై ఎనిమిది నడకలు,
అన్ని నోటుబుక్కుల గీసుకున్నడు.
గది ఏ ఆట కిందికొస్తదో నాకు తెల్వది,
ఫారంల దానికి గడి లేదు.
వాళ్ల డాడీకి మేమెవ్వలం జెప్పలె.
తర్వాత మాత్రం
ఏ నొప్పి రాలె వానికి.

అందరు మారిండ్రని అబద్దమెందుకు?
ఒకడు నెలంత సెల్లు కోసం ఏడ్సిండు.
ఒక పొల్ల మూడో నాడే బందైంది,
ఆమె వాటర్ బాటిల్ ఇంక నా సంచిల్నే ఉన్నది.

నా పదకొండో ఏడు వారాసిగూడల గడిసింది,
నాలుగిండ్ల అంట్ల నడుమ.
నీకేం ఆట ఇష్టమని ఎవ్వరడగలె.
అడిగితె ఏం జెప్తుంటినో
ఇప్పటికి తెల్వది.

ఆఖరి దినం సర్టిఫికెట్లు, సమోసాలు.
ఫోటో దిగేటప్పుడు నైమిష చెయ్యి సగం దాంక లేసింది,
లేసి, పక్క పొల్ల భుజం మీద పడ్డది.

అందరు పోయినంక గేటేసిన.
రంజన్ల రెండు గిలాసల నీళ్లు గూడ లెవ్వు.
బోర్లిచ్చే ముందు అటిటు సూసి
దాని మూతి కాడ మొఖం పెట్టి "కబడ్డీ" అన్న.
నా ముంగటి పండ్లు రెండు ఎప్పుడో పోయినయి.
రంజన్ ఖాళీ కడుపుతోని
నా కంటె గట్టిగ అన్నది.